గట్టి రసానికి తగిన తోడు

పాలు తోడేసే ముందు మా అవ్వ గిన్నెలో వేలు ముంచి చూసేది. "సేతికి గోరెచ్చగా తగలాల నాయనా. సల్లారిన పాలకేస్తే పేరుకోదు, కాగే పాలకేస్తే ఇరిగిపోతాది" అనేది. తోడు ఎంత వేయాలో కూడా ఆమెకు లెక్కే: చలికాలం ఒక చెంచా ఎక్కువ, ఎండాకాలం కాస్త తక్కువ. బాగేపల్లి దగ్గరి మా పల్లెలో ఆ వంటింటి గడప మీద కూర్చుని విన్న మాట, చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో మా చిన్నాన్న కొడుకు ఇంట్లో ఒక గాజు సీసా ముందు గుర్తుకొచ్చింది. 20 లీటర్లు పట్టే సీసా అది. అందులో నల్లటి, చిక్కటి బీరు పులవాలి. రెండు వారాలు గడిచాయి. పైన నురగ ఆరిపోయింది. రసం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 1.100 దగ్గర మొదలై 1.040 దగ్గరికి దిగి అక్కడే నిలబడింది. గ్లాసులో పోసి రుచి చూస్తే బెల్లం పానకంలో సారా చుక్క కలిపినట్టుంది.

"ఈ ఈస్టు గట్టిదానికి పనికిరాదన్నా, ఇంకో పేరున్నది తేవాల్సింది" అన్నాడు వాడు. ఇంట్లో గట్టి బీరు కాచే ప్రతివాడూ మొదట అనే మాట ఇదే. ఈ సమీక్ష ఆ మాట గురించే. గట్టి మాల్టు రసానికి ఏ ఈస్టు ఎంచుకోవాలి, ఎంత వేయాలి, ఎలా వేయాలి అనే ప్రశ్నకు నూట యాభై ఏళ్లుగా వచ్చిన జవాబులను ఒక్కచోట చేర్చి చూస్తే నాకు కనిపించినది ఇది: ఈస్టు పేరు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఆ ఈస్టు ఎంత ఉంది, ఏ స్థితిలో ఉంది, ఏం తిని వచ్చింది అన్నది.

మన నేల మీది మూడు తీపి రసాలు

పులవడం అనే విద్య చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి వాళ్లకు కొత్తది కాదు. మూడు తీపి రసాలు ఈ నేలకు బాగా తెలుసు. ఆ మూడింటినీ పక్కపక్కన పెడితే గట్టి బీరు చిక్కు సగం విడిపోతుంది.

మొదటిది ఈత కల్లు. చెట్టు నుంచి దిగే రసంలో పదోవంతు దాకా చక్కెర ఉంటుంది. కుండకు సున్నం పూస్తే అది నీరాగా నిలుస్తుంది, పూయకపోతే మధ్యాహ్నానికి కల్లవుతుంది. ఎవరూ ఈస్టు వేయరు. కుండ అడుగున నిన్నటి మడ్డి ఉంటుంది, చెట్టు గాటు దగ్గర సూక్ష్మజీవులు ఉంటాయి, అవే తోడు. ఒక్క ఈస్టే కాదు, జైమోమోనాస్ వంటి బాక్టీరియా, పులుపు తెచ్చే లాక్టిక్ బాక్టీరియా కూడా కలిసి పనిచేస్తాయి. అందుకే కల్లు తొందరగా పొంగుతుంది, తొందరగా పులిసిపోతుంది. రసం పలచన కాబట్టి సరిపోయింది. ఇదే గుంపును రెండింతల చక్కెర ఉన్న రసంలో వదిలితే చివరిదాకా నడిపించలేదు.

రెండోది ద్రాక్ష. చిక్కబళ్లాపురం జిల్లా తోటల్లో పండే బెంగళూరు బ్లూకు 2013లో భౌగోళిక సూచిక దక్కింది. తోలు నలుపు, వాసన ఘాటు, పులుపు ఎక్కువ, తీపి తక్కువ. నంది కొండల పక్కన దొడ్డబళ్లాపురంలో 1988లో గ్రోవర్ వాళ్లు ఫ్రెంచి వైను రకాలతో తోట మొదలుపెట్టారు. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ బెంగళూరు బ్లూను తల్లిగా తీసుకుని ఆర్కా శ్యామ్ వంటి వైను రకాలను రూపొందించింది. ద్రాక్షరసంలో ఉండేవి గ్లూకోజు, ఫ్రక్టోజు. ఈస్టు వాటిని విరవకుండానే నేరుగా మింగగలదు.

మూడోది రాగి మాల్టు. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలకెత్తాక ఎండబెట్టి, దోరగా వేయించి విసురుకోవడం ప్రతి ఇంటి పని. మొలకలో పుట్టే అమైలేజు పిండిపదార్థాన్ని చక్కెరగా విరుస్తుంది. మొలకల పిండితో కాచిన జావ పలచగా, తియ్యగా ఉండటం అందుకే. మైసూరు కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పసిపిల్లల ఆహారానికి ఈ గుణాన్నే వాడుకుంది. బార్లీతో బీరు కాచేవాడు చేసేదీ ఇదే పని. సిక్కింలో రాగులతోనే 'తోంగ్‌బా' చేస్తారు. అక్కడి తోడు 'మర్చా' అనే పిండిబిళ్ల. అందులో పిండిని విరిచే బూజూ ఉంటుంది, చక్కెరను పులిపించే ఈస్టూ ఉంటుంది.

మాల్టు రసంలో ప్రధానమైన చక్కెర మాల్టోజు. దాని తర్వాత మూడు గ్లూకోజులు కలిసిన మాల్టోట్రయోజు. ఆ పైన ఈస్టుకు కొరుకుడుపడని డెక్స్‌ట్రిన్లు. ద్రాక్షరసానికీ మాల్టు రసానికీ తీపి ఒక్కటే అయినా తిండి వేరు. ఈస్టు ఎంపికలో జరిగే పొరపాట్లలో ఎక్కువభాగం ఈ తేడాను మరిచిపోవడం వల్లనే.

గట్టిదనం ఏం చేస్తుంది

తేనె పులవదు. దానికి నీళ్లు కలిపితే పులుస్తుంది. ముదురు పాకంలో పెట్టిన పండు చెడదు. చిక్కటి చక్కెర ప్రాణమున్న కణం లోపలి నీటిని బయటికి లాగేస్తుంది కాబట్టి. గట్టి మాల్టు రసంలో పడిన ఈస్టుకు మొదటి గంటలో ఎదురయ్యే దెబ్బ ఇది. అది తనలో గ్లిసరాల్ తయారు చేసుకుని నీటిని పట్టి ఉంచుకుంటుంది. ఆ పనికి శక్తి ఖర్చవుతుంది, సంతానం ఆలస్యమవుతుంది. వారం తర్వాత రెండో దెబ్బ: తాను చేసిన సారాయే తన పొరను కరిగిస్తుంది. మామూలు బీరు 12 ప్లేటో డిగ్రీల దగ్గర మొదలవుతుంది, అంటే నూటికి 12 పాళ్లు కరిగిన చక్కెర. గట్టి బీరు 22 నుంచి 28 దాకా వెళ్తుంది. అంటే ఈస్టు ఆరంభంలో పాకాన్నీ చివర్లో సారానూ, రెండింటినీ తట్టుకోవాలి.

చాలాకాలం అందరూ రెండో దెబ్బనే చూశారు. బీరు ఈస్టు 7 నుంచి 9 శాతం సారాకు మించి తట్టుకోలేదనీ, సాకే ఈస్టు, షాంపేన్ ఈస్టు వేరే జాతి గట్టివనీ నమ్మారు. 1984లో కెనడాలోని సస్కాచ్వాన్ విశ్వవిద్యాలయంలో కేసీ, మాగ్నస్, ఇంగిల్డ్యూ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. 31 శాతం దాకా గట్టిదనం ఉన్న రసానికి నత్రజని ఆహారం, ఎర్గోస్టెరాల్ అనే స్టెరాల్, ఒలీక్ అనే కొవ్వు ఆమ్లం చేర్చారు. అదే బీరు ఈస్టు 16.2 శాతం సారా దాకా నడిపించింది. తర్వాత ఐదుసార్లు మళ్లీ వాడినా బతికే ఉంది. వాళ్లు తేల్చింది సూటిగా ఉంది: ఈస్టు ఆగిపోయేది సారాకు ఓడి కాదు, తిండి చాలక. పోషణ దొరికితే బీరు ఈస్టుకూ సాకే ఈస్టుకూ తట్టుకునే శక్తిలో తేడా లేదు. ఈ రంగంలో నేను చదివిన వాటిలో ఇంత లోతుగా ఆలోచింపజేసినది ఇంకొకటి లేదు.

ఏ ఈస్టు?

పాశ్చర్ బీరు మీద తన పుస్తకం 1876లో వెలువరించాడు. 1883లో కోపెన్‌హాగెన్ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒక్క కణం నుంచి పెంచిన శుద్ధమైన ఈస్టును తొట్టిలో వేయించాడు. అప్పటినుంచి ఈస్టుకు పేర్లు, నంబర్లు వచ్చాయి. ఇవాళ దొరికేవాటిని గట్టి రసం కోణంలో నాలుగు కుదుళ్లుగా చూడవచ్చు.

మొదటి కుదురు సాధుస్వభావం గల ఏల్ ఈస్టులు, అంటే గది వెచ్చదనంలో పులిపించేవి. యూఎస్-05 పొడి ఈస్టు అందరికీ తెలిసినది. తన రుచి పెద్దగా రుద్దదు, చక్కెరను బాగా దించుతుంది, పదీ పదకొండు శాతం దాకా నమ్మవచ్చు. నాటింగ్‌హామ్ కూడా అలాంటిదే. ఇంగ్లీషు ఎస్-04 రుచి గుండ్రంగా ఇస్తుంది గానీ తొందరగా గడ్డకట్టి అడుగుకు చేరుతుంది. గట్టి రసంలో దాన్ని వాడితే పాత్రను రోజూ నెమ్మదిగా కదిపి పైకి లేపుతుండాలి.

రెండో కుదురు బెల్జియం మఠాల ఈస్టులు. గట్టి బీర్లకు పుట్టినవే ఇవి. వాటి దగ్గర ఒక కిటుకు ఉంది: గట్టిదనంలో కొంతభాగం మాల్టు నుంచి కాకుండా మామూలు చక్కెర నుంచి వస్తుంది. మన వంటింట్లో ఆ స్థానం బెల్లానిది. కానీ బెల్లాన్ని మొదట్లోనే కలపకూడదు. సులువైన తీపి ఎదురుగా ఉన్నంతసేపు ఈస్టు మాల్టోజు జోలికి పోదు. అది అయిపోయేసరికి మాల్టోజును లోపలికి తెచ్చుకునే బలం తగ్గుతుంది. పొంగు తగ్గడం మొదలైన మూడో రోజునో నాలుగో రోజునో కాచి చల్లార్చిన బెల్లంనీటిని రెండు మూడు విడతలుగా చేర్చితే రెండు చిక్కులూ తీరుతాయి: మొదటి రోజు పాకం పలచన, చివరి రోజు సారా చాలినంత.

మూడో కుదురు వైను ఈస్టులు. ఈసీ-1118 అనే షాంపేన్ ఈస్టు 18 శాతం దాకా తట్టుకుంటుందని దాని పొట్లం చెబుతుంది. అది నిజమే, ద్రాక్షరసంలో. మాల్టు రసంలో మాల్టోట్రయోజును అది ముట్టదు. ఆగిపోయిన బీరులో మిగిలేవి మాల్టోట్రయోజు, డెక్స్‌ట్రిన్లే కాబట్టి దాన్ని తెచ్చి వేసినా సంఖ్య కదలదు. పైగా అది తోటి ఈస్టులను చంపే విషప్రోటీను విడిచే రకం. మొదట్లోనే కలిపితే బీరు ఈస్టునే మట్టుపెట్టవచ్చు. బెంగళూరు బ్లూ రసానికి అది సరైన తోడు, బార్లీ రసానికి కాదు.

నాలుగో కుదురు ప్రత్యేకమైనవి. డబ్ల్యూఎల్‌పీ 099 అనేదాన్ని 25 శాతం దాకా అని అమ్ముతారు, కానీ విడతలుగా చక్కెర, గాలి, పోషణ ఇస్తేనే. స్విట్జర్లాండ్ హ్యూర్లిమాన్ బ్రూవరీ 1979లో 'సామిక్లాస్' అనే 14 శాతం లాగర్ కాచింది. ఆ ఇంటి ఈస్టే నేడు ఎస్-189 పేరుతో పొడిగా దొరుకుతుంది. డయాస్టాటికస్ రకం సైసన్ ఈస్టులు డెక్స్‌ట్రిన్లను కూడా విరుస్తాయి. అవి పూర్తిగా ఆగకముందే సీసాకు ఎత్తితే సీసా పగులుతుంది.

ఈ నాలుగింటిలో మంచిదేది అని అడిగితే నా జవాబు: పొట్లం మీది శాతాన్ని చూసి కొనకండి. మీ రసంలో ఉన్న చక్కెరను చివరిదాకా తినగలిగేది, మీ గదిలోని వేడికి ఓర్చేది, మీకు కావలసిన రుచిని ఇచ్చేది కొనండి. ఆ తర్వాత దాన్ని సాకండి.

ఎంత వేయాలి?

లెక్క సులువు. మిల్లీలీటరుకు, ప్లేటో డిగ్రీకి 7.5 లక్షల కణాలు మామూలు ఏల్‌కు చాలు. గట్టిదానికి 10 లక్షలు, చల్లగా పులిసే లాగర్‌కు 15 లక్షలు వేస్తారు. 20 లీటర్ల మామూలు బీరుకు, 12 డిగ్రీలకు, 18,000 కోట్ల కణాలు. అదే 20 లీటర్లకు 24 డిగ్రీలైతే, అంటే మా తమ్ముడి 1.100 రసం లాంటిదైతే, 48,000 కోట్లు. రసం గట్టిదనం రెండింతలైతే ఈస్టు రెండున్నర రెట్లు దాటుతుంది. పొడి ఈస్టులో గ్రాముకు 1,000 కోట్ల బతికున్న కణాలు అనుకుంటే 11.5 గ్రాముల పొట్లంలో ఉండేవి 11,500 కోట్లు. అంటే నాలుగు పొట్లాలకు కాస్త పైనే. మా తమ్ముడు వేసింది ఒకటి.

తక్కువ వేయాలనే వాదన కూడా ఉంది. తక్కువ ఈస్టు ఎక్కువగా పెరుగుతుంది, ఆ పెరుగుదలలో పండ్ల వాసనలు పుడతాయి అంటారు. మామూలు బీరులో అది పనికొచ్చే మాట. గట్టి రసంలో కాదు. అక్కడ పెరుగుదలే కష్టం. పెరగలేని గుంపు ఘాటైన ఫ్యూజెల్ సారాలను విడిచి మధ్యలో ఆగుతుంది.

నాలుగు పొట్లాల ఖర్చు తప్పించుకునే పాత మార్గం ఒకటుంది, కల్లు కుండ మడ్డిలో ఉన్న తెలివే అది. ముందు 12 డిగ్రీల చిన్న బీరు కాచి పులవనివ్వాలి. దాన్ని తీసేశాక అడుగున మిగిలిన చిక్కటి తెల్లటి మడ్డి మీద గట్టి రసం పోయాలి. తిండి తిని, పెరిగి, అలవాటుపడిన గుంపు అది. గట్టి బీరు నుంచి మిగిలిన మడ్డిని మాత్రం తర్వాతి దానికి దాచకూడదు, అది అలసిపోయిన ఈస్టు. ద్రవ ఈస్టును విడిగా పెంచాలంటే లీటరు రసానికి 100 గ్రాముల పొడి మాల్టు చాలు. ఇలా ముందుగా పెంచే రసం, అంటే స్టార్టరు, గట్టిగా ఉంటే కణాలు బలపడవు, మొదటిరోజే దెబ్బతింటాయి.

పొడి ఈస్టును నేరుగా చల్లవచ్చా, నీటిలో నానబెట్టాలా అన్నది ఇప్పటికీ తెగని వాదన. నేరుగా చల్లినా పరవాలేదని కొందరు తయారీదారులు చెబుతున్నారు. మామూలు రసానికి అది నిజం కావచ్చు. ఎండిన కణం తడిసిన మొదటి నిమిషాల్లో దాని పొరకు లోపలికి ఏది రానివ్వాలో తెలియదు. ఆ క్షణంలో చుట్టూ పాకం ఉంటే నష్టం. కాబట్టి గట్టి రసానికి నేను నానబెట్టడం వైపే. ఈస్టు బరువుకు పదింతలు కాచి చల్లార్చిన గోరువెచ్చని నీరు, పావుగంట, ఆ తర్వాత కొంచెం కొంచెంగా రసం కలిపి వేడిని సరిచేయడం. అవ్వ వేలు ముంచి చూసినది ఈ వెచ్చదనాన్నే.

గాలి, తిండి

ఈస్టు పొర సారాకు నిలబడాలంటే స్టెరాల్, అసంతృప్త కొవ్వు ఆమ్లాలు కావాలి. గాలి లేనిదే వాటిని అది తయారు చేసుకోలేదని 1953, 54 నాటి ఆండ్రియాసెన్, స్టియర్ ప్రయోగాలు చూపించాయి. తల్లి కణం తన స్టెరాల్‌ను పిల్లకు పంచుతుంది. ఐదెకరాల పొలం ఇద్దరు కొడుకులకు, వాళ్ల పిల్లలకు పంచుకుంటూ పోతే నాలుగో తరానికి గుంటలు మిగిలినట్టు, నాలుగైదు తరాలకు ఏ కణం పొరా నిలవనంత పలచనవుతుంది. పెరుగుదల అక్కడ ఆగుతుంది.

మామూలు గాలిని రసంలో ఎంత గిలకొట్టినా లీటరుకు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువే కరుగుతుంది. రసం గట్టిపడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అందుకే గట్టి బీరుకు శుద్ధమైన ఆక్సిజన్ పడతారు. ఈస్టు వేసిన 12 నుంచి 18 గంటల మధ్య ఇంకోసారి ఇస్తారు. ఆ తర్వాత ఇస్తే బీరు పాడవుతుంది. పొడి ఈస్టు గాలి పుష్కలంగా ఉన్న తొట్టిలో పెరిగి వస్తుంది కాబట్టి స్టెరాల్ నిల్వతోనే వస్తుంది. మొదటిసారి వాడకంలో దానికి గాలి అవసరం తక్కువ.

తిండి అంటే నత్రజని, జింకు, విటమిన్లు. పూర్తిగా మాల్టుతో కాచిన రసంలో ఇవి దాదాపు సరిపోతాయి. చక్కెర, బెల్లం వాటా పెరిగేకొద్దీ తగ్గుతాయి. డైఅమ్మోనియం ఫాస్ఫేటు, ఈస్టు సారం కలిసిన పోషకాన్ని సగం మొదట్లో, సగం పొంగు మధ్యలో వేస్తే చాలు. ద్రాక్షరసంలోనూ ఇదే నియమం. చాలని నత్రజని గంధకపు వాసనగా, కుళ్లిన కోడిగుడ్డు వాసనగా బయటపడుతుంది.

వేడి

గట్టి రసం తనంతట తానే కాగుతుంది. గదిలో 22 డిగ్రీలున్నప్పుడు పాత్ర లోపల 27 ఉండవచ్చు. మొదటి మూడు రోజులే ప్రమాదం: అప్పుడు వేడెక్కితే తలనొప్పి తెచ్చే ఘాటు సారాలు పుడతాయి. ఏల్ ఈస్టును 18 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, పొంగు తగ్గాక 21, 22కు పెంచడం అందరూ ఒప్పుకునే పద్ధతి. చివర్లో వెచ్చదనం ఇస్తే అలసిన ఈస్టు పని పూర్తిచేస్తుంది.

మన పీఠభూమి మీద డిసెంబరు, జనవరి రాత్రులు దీనికి తగినవే. ఏప్రిల్, మే నెలల్లో కాదు. తడిగోనె చుట్టి, పళ్లెంలో నీళ్లు పోసి ఉంచే తాగునీటి కుండ పద్ధతి నాలుగైదు డిగ్రీలు దించుతుంది. అంతకుమించి చల్లదనం లేనివాళ్లకు నార్వే పల్లెల 'క్వైక్' ఈస్టు దారి చూపింది. 30 నుంచి 40 డిగ్రీల వేడిలో కూడా ఇది శుభ్రంగా పులుస్తుంది. అక్కడి రైతులు దాన్ని చెక్క కడియాల మీదా గుడ్డ మీదా ఎండబెట్టి, తరాల తరబడి దాచి, చెడితే పక్కింటి నుంచి తెచ్చుకునేవారు. మన ఇళ్లలో పక్కింటి నుంచి తోడు తెచ్చుకున్నట్టే. ఆ ఇళ్లు దాచింది ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. మన ఈత వనాల మడ్డిలో ఏయే ఈస్టులు ఉన్నాయో అంతే శ్రద్ధగా వెతికి, పెంచి, భద్రపరచాలని నా కోరిక.

ఆగిపోతే

ముందు కొలత సరిగా ఉందో చూడండి. తోటలో పండు తీపి కొలిచే బ్రిక్స్ మీటరు సారా పుట్టాక అబద్ధం చెబుతుంది. హైడ్రోమీటరునే నమ్మాలి. నిజంగానే ఆగితే ముందు కాస్త వెచ్చబరిచి, మడ్డిని నెమ్మదిగా లేపాలి. కదలకపోతే కొత్త ఈస్టు వేయాలి, కానీ పొట్లం నుంచి కాదు. సారా నిండిన, తిండి తగ్గిన ఆ చోట నిద్రలేవని కణం బతకదు. విడిగా చిన్న పాత్రలో పులుస్తూ నురగ ఎత్తుగా ఉన్న స్టార్టరులో ఆగిన బీరునే కొంచెం కొంచెంగా కలిపి అలవాటు చేసి, అప్పుడు పోయాలి.

చట్టం, మర్యాద

ఇదంతా ఎక్కడ చేయవచ్చో సూటిగా చెప్పాలి. ఇంటి బీరుకు బ్రిటన్ 1963లో లైసెన్సు ఎత్తేసింది. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు అనుమతించింది. మన దగ్గర అది లేదు. కర్ణాటక 1965 ఎక్సైజు చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం కాచడం నేరం. 2007 మా ప్రాంతానికి గుర్తుండే ఏడాది: కోలారు నుంచి చిక్కబళ్లాపురం జిల్లా విడిపోయింది, రాష్ట్రంలో సారాయి నిషేధమైంది, ద్రాక్ష, వైను విధానం వచ్చింది. సరిహద్దుకు ఆవల 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచిన సంగతి తెలుగువాళ్లెవరూ మరవకూడదు. కాబట్టి ఈ విద్యకు మన ఊళ్లలో చోటు లైసెన్సున్న వైనరీల్లో, బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో, కళాశాల ప్రయోగశాలల్లో. నేడు మందులు తయారుచేసే బయోకాన్ సంస్థను 1978లో బెంగళూరులో మొదలుపెట్టిన కిరణ్ మజుందార్ షా ఆస్ట్రేలియాలో బీరు తయారీ చదివి వచ్చిన మనిషే. ఈస్టును సాకడం తెలిసిన చేతికి మందుల తయారీ కూడా దగ్గరే.

మా తమ్ముడు రెండోసారి కాచినప్పుడు ఈస్టు పేరు మార్చలేదు. అదే ఈస్టుతో ముందు చిన్న బీరు కాచాడు. దాని మడ్డి మీద అదే 1.100 రసం పోశాడు, మొదటిరోజు రెండుసార్లు ఆక్సిజన్ పట్టాడు, మూడు రోజులు చల్లగా ఉంచి తర్వాత వెచ్చబరిచాడు. నేనక్కడ ఉన్న నాలుగో రోజు రాత్రి, మీటరు చూడకుండా, సీసాకు అరచేయి ఆనించి కాసేపు నిలబడ్డాడు. "గోరువెచ్చగా ఉందన్నా" అన్నాడు. పదిహేను రోజులకు హైడ్రోమీటరు 1.024 చూపింది.